తెర వెనుక సేవ

సంగీత సభకు వచ్చినవారు పాటను విందురు, మృదంగమును మెచ్చుకొందురు. ఆ పాటకు ముందు జరిగిన పని యెవరికంటికిని గానరాదు. పెనుగొండలో పాఠశాల వార్షికోత్సవములందు కొన్ని యేండ్లు తెర వెనుక నిలిచి మేము నేర్చుకొనిన సంగతులు, రేపు కళాశాలలకు బోయి యిట్టి సభలను నడపబోవు విద్యార్థుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

విద్యార్థుల ప్రదర్శనములు మన గోదావరి సీమకు గ్రొత్తవి కావు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1880వ సంవత్సరముననే రాజమహేంద్రవరమున విద్యార్థులచేత 'వ్యవహార ధర్మబోధిని' నాడించిరి. నాడును తెర లాగినవారును, దీపములు చూచినవారును ఉండియే యుందురు. వారిని స్మరించువారు మాత్రము లేరు.

మొదట గమనింపవలసినది శ్రుతి. మన డెల్టా ప్రాంతమున సాయంకాలపు తేమకు మృదంగపు తోలు సడలి శ్రుతి దిగును. దీపముల వేడికి బిగిసి శ్రుతి యెక్కును. కావున వాద్యములను అరగంట ముందే వేదికపైకి దెచ్చి, అచటనే శ్రుతి చేయింపవలయును. ఎడమవైపున నంటించు రవ్వముద్ద యెండిపోకుండ చెంబెడు నీళ్లు దాపున నుంచవలయును.

రెండవది ధ్వనియంత్రము. మైకు ముందు లౌడుస్పీకరు నుంచి, దానిని మైకు వైపు త్రిప్పినచో, వెలువడిన ధ్వనియే మరల మైకులో జొచ్చి కూతవెట్టును. స్పీకర్లను మైకునకు ముందుగా, శ్రోతలవైపు త్రిప్పి యుంచుటయే దీనికి విరుగుడు. ఖాళీ సాలలో బిగ్గరగా వినబడిన ధ్వని, జనులు నిండిన పిమ్మట దగ్గును. మనుష్యుల దేహములును వస్త్రములును దానిని పీల్చుకొనును.

మూడవది కాలము. పండ్రెండు అంశములకు నడుమ మూడేసి నిమిషములు జాగైనచో అరగంటకు మించి వ్యర్థమగును. కడపట పాడవలసిన పసివారు తల్లుల యొడిలో నిద్రపోవుదురు.

ఇక మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. ఒక యేడు ఆఱవ తరగతి బాలిక యొకతె నాలుగు శ్రుతిలో పాట నభ్యసించినది. అంతకు ముందు పాడిన బాలుని కొఱకు శ్రుతిపెట్టె ఆఱు శ్రుతిలో నుండెను. దానిని మార్చుట మేము మఱచితిమి. చరణమునందు ఆమె కంఠము పలుకలేదు. సభవారు నవ్విరి. ఆ బాలిక యేడ్చుచు లోనికి వచ్చెను. మఱుసటి యేడు పేరీయలేదు. మేము వారి యింటికి బోయి తప్పు మాదేయని చెప్పగా, తల్లి, "ఆ మాట ఆనాడు సభలోనే చెప్పియుండవలసినది గదా, మాష్టరుగారూ!" అనెను. మా కుత్తరము తోచలేదు.

నాటినుండి అంశముల పట్టికలో ప్రతి పేరు ప్రక్కను శ్రుతిని గూడ వ్రాయుచున్నాము. తెర వెనుక పొరపాటు జరిగినచో, తెర ముందునకు వచ్చి యొప్పుకొనుచున్నాము.

విద్యార్థులారా! కనబడని పనిలో మెప్పు తక్కువ. అందలి లోపమున కెవ్వరు నిందింపబడుదురో యెల్లప్పుడు తలచుకొనుడు. పాడువారు నిశ్చింతగా పాడి దిగిన నాడు మీ పని నెఱవేఱినట్లే.