తరగతి గదిలో డిజిటల్ సాధనాలు - కలిసి నేర్చుకున్నప్పుడే సార్థకత

(ప్రత్యేక వ్యాసం)

సంగారెడ్డి జిల్లా మనూరు మండలంలోని బోరంచ మంజీర తీర గ్రామం. కర్ణాటక సరిహద్దుకు చేరువలో గల ఈ నారాయణఖేడ్ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, లంబాడీ భాషలు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. పట్టణాలకు దూరంగా ఉన్న ఇటువంటి ప్రాంతాల విద్యార్థులకు నాణ్యమైన బోధనను అందించేందుకు ప్రభుత్వాలు రెండు దశాబ్దాలకు పైగా సాంకేతిక పరిజ్ఞానాన్ని వినియోగిస్తున్నాయి. పాఠాన్ని చేరవేయడం ఒక ఎత్తు కాగా, అందులో విద్యార్థిని భాగస్వామిని చేయడం మరొక ఎత్తు అని ఈ అనుభవం తెలియజేస్తున్నది.

ప్రసార పాఠాలు - బలం, పరిమితి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో మన టీవీ ఆరంభమైంది. విద్యారంగానికే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ఇస్రో 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుండి ప్రయోగించింది. తెలంగాణ ఏర్పాటు అనంతరం 2017లో టీ-శాట్ విద్య, నిపుణ ఛానళ్లు అందుబాటులోకి వచ్చాయి. కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుండి 3 నుండి 10వ తరగతి వరకు విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైన విషయం విదితమే.

ఇంటర్నెట్ లేని ఇళ్లకు సైతం పాఠం చేరడం ఈ విధానపు బలం. అయితే ప్రసారం ఒకవైపే సాగుతుంది. సందేహం కలిగిన విద్యార్థి పాఠాన్ని ఆపి అడగలేడు. ఎవరికి ఏది అర్థం కాలేదో బోధించే వారికి తెలియదు. ఇంట్లో వేరొక భాష మాట్లాడే పిల్లలకు, టీవీ గాని ఫోను గాని లేని కుటుంబాల వారికి ఈ లోటు మరింత భారమైంది.

ఒక కంప్యూటర్ ముందు ఇద్దరు, ముగ్గురు

ఈ లోటును పూడ్చగల మార్గానికి తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనే ఉదాహరణ ఉంది. టాటా ట్రస్టుల సహాయంతో ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2015లో చేపట్టిన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్ (క్లిక్స్) రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రాలతో పాటు తెలంగాణలోనూ అమలైంది. గణితం, విజ్ఞానశాస్త్రం, ఆంగ్లం పాఠ్యాంశాలను బడిలోని సర్వర్‌లోనే భద్రపరిచినందున ఇంటర్నెట్ లేకున్నా తరగతి ఆగదు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు, ముగ్గురు కూర్చుని, చర్చించుకుని జవాబు నిర్ణయిస్తారు. ఉపాధ్యాయులు సైతం మొబైల్ గ్రూపుల ద్వారా బోధనానుభవాలను పరస్పరం పంచుకునే ఏర్పాటు జరిగింది. ఈ కార్యక్రమానికి 2017 సంవత్సరపు యునెస్కో పురస్కారం లభించడం గమనార్హం.

కంప్యూటర్ల కొరతకు సర్దుబాటుగా కనిపించే ఈ పద్ధతిలో బోధనాపరమైన ప్రయోజనం కూడా ఇమిడి ఉంది. తోటివారికి వివరించే క్రమంలో విద్యార్థి తన అవగాహనను తానే సరిచూసుకుంటాడు.

మంజీర నదియే పాఠ్యాంశంగా

ఇదే పద్ధతిని వేర్వేరు పాఠశాలల మధ్యకు విస్తరింపజేయవచ్చు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ నదీ తీరాన గల బడుల విద్యార్థులు తమ ఊరి వర్షపాతం, బావుల్లో నీటిమట్టం, సాగవుతున్న పంటల వివరాలను వారానికొకసారి ఒకే ఆన్‌లైన్ పట్టికలో నమోదు చేస్తే, ఎగువ వానకు, దిగువ నీటికి గల సంబంధం వారికే బోధపడుతుంది. భాషలు మూడైనా అంకెలు అందరికీ అర్థమవుతాయి. ఇందుకు బడికి ఒక్క ఫోను, వారానికి కొద్ది నిమిషాల సిగ్నల్ సరిపోతాయి. తమ గ్రామ చరిత్రను, విశేషాలను ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, తగిన ఆధారాలతో, 2003 డిసెంబర్ 10న ఆరంభమైన తెలుగు వికీపీడియాలో చేర్చడం కూడా ఇటువంటి అభ్యాసమే.

పర్యవేక్షణలో గమనించవలసినవి

డిజిటల్ విద్య ప్రగతిని సరఫరా అయిన పరికరాల సంఖ్యతో మాత్రమే అంచనా వేస్తే అసలు ప్రయోజనం మరుగున పడుతుంది. పాఠశాలలను సందర్శించే అధికారులు, పాత్రికేయులు ప్రధానంగా మూడు అంశాలను పరిశీలించవలసి ఉంటుంది. సిగ్నల్ లేని రోజున పాఠం సాగుతున్నదా? పరికరాన్ని విద్యార్థులు స్వయంగా వినియోగిస్తున్నారా, లేక చూడటానికే పరిమితమవుతున్నారా? పరికరం చెడిపోతే ఎవరికి తెలియజేయాలో, ఎన్ని రోజుల్లో బాగుపడుతుందో ప్రధానోపాధ్యాయునికి తెలుసా? 2017 సెప్టెంబర్ 5న జాతీయ స్థాయిలో ప్రారంభమైన దీక్ష వేదికలోని పాఠాలను ముందుగా దించుకుని ఇంటర్నెట్ లేనప్పుడు చూపే వీలున్నందున, మొదటి ప్రశ్నకు పరిష్కారం ఉపాధ్యాయుల చేతిలోనే ఉంది. మిగిలిన రెండింటికి పాఠశాల యాజమాన్య కమిటీలు, మండల విద్యాశాఖ సమన్వయంతో వ్యవహరించినప్పుడే బోరంచ వంటి గ్రామాల విద్యార్థులకు సాంకేతికత ఫలాలు సంపూర్ణంగా అందుతాయి.