కొబ్బరి వంటింట్లో పరికరాల సంరక్షణ

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వంటింటి పరికరాలలో మురికి చేరే చోట్లను గుర్తించగలుగుతారు.
• దానివల్ల కలిగే ప్రమాదాలను వివరించగలుగుతారు.
• మీ ఇంటికి తగిన శుభ్రతా పద్ధతిని రూపొందించుకోగలుగుతారు.

1. పరిచయం
కొబ్బరి వ్యాపారానికి పేరుపొందిన కోనసీమలోని అంబాజీపేటలో ఒక వంటిల్లు ఊహించుకోండి. పొద్దున కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం కుక్కర్లో పప్పు, మరొకరోజు పనసపొట్టు కూర. కడిగి బోర్లించిన పరికరాలు పైకి తళతళలాడుతుంటాయి. కాని బ్లేడు కింద, ఆవిరి గొట్టంలో, స్టవ్ వెనుక ఏముందో చూసేవారు తక్కువ. ప్రమాదాలు తరచు అక్కడే మొదలవుతాయి.

2. మిక్సీ
కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ వేడిలో గడ్డకడుతుంది. చలికాలం ఉదయం సీసాలో నూనె పేరుకోవడం మీరు చూసే ఉంటారు. చన్నీళ్లతో కడిగిన జార్‌లోనూ ఇదే జరుగుతుంది. బ్లేడు కింద మిగిలిన జిడ్డు, తురుము మర్నాటి పచ్చడిని పాడుచేస్తాయి.

వాడిన వెంటనే జార్‌లో సగం వరకు గోరువెచ్చని నీరు, రెండు చుక్కల సబ్బు వేసి కొద్ది సెకన్లు తిప్పండి. మూతలోని రబ్బరు రింగును ఊడదీసి కడిగి ఆరబెట్టండి. మోటారు భాగాన్ని నీటితో కడగకూడదు. ప్లగ్ తీసి, పిండిన గుడ్డతో తుడవాలి. జార్ అడుగు నుంచి నీరు కారుతుంటే వాడకం ఆపి బాగుచేయించండి. ఆ తడి మోటారులోకి దిగితే కరెంటు షాక్ కొట్టవచ్చు.

3. ప్రెషర్ కుక్కర్
కుక్కర్లో నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో అదనపు ఒత్తిడి ఉంటుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద ఇది మొత్తం 300 కిలోలకు పైమాటే! ఈ ఒత్తిడిని అదుపులో ఉంచేది విజిల్ కింది సన్నని గొట్టం. పప్పు నురుగో, పనసపొట్టు పీచో అందులో అడ్డుపడితే ఆవిరికి దారి ఉండదు.

• వండే ముందు ప్రతిసారీ మూతను వెలుతురుకెత్తి, గొట్టం గుండా వెలుగు కనిపిస్తోందో లేదో చూడండి.
• అడ్డు ఉంటే సన్నని తీగతో తీయండి. కొబ్బరి ఈనె విరిగి లోపలే ఉండిపోవచ్చు.
• పప్పులైతే సగానికి, మిగతావైతే మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు.
• గట్టిపడిన, పగిలిన గాస్కెట్‌ను మార్చండి.
• సేఫ్టీ వాల్వ్ పోతే ఆ కంపెనీదే వేయించండి.
• ఆవిరి పూర్తిగా పోయేదాకా మూత తీయవద్దు.

4. గ్యాస్ స్టవ్
నీలి మంట పసుపురంగుకు మారిందంటే, సాధారణంగా బర్నర్‌కు గాలి సరిగా అందడం లేదని అర్థం. చల్లారిన బర్నర్‌ను కడిగి, రంధ్రాలు శుభ్రంచేసి, పూర్తిగా ఆరాకే అమర్చండి. రబ్బరు ట్యూబును ఐదేళ్లకొకసారి మార్చాలి. పగుళ్లుంటే వెంటనే మార్చాలి. లీకును సబ్బు నురుగుతోనే పరీక్షించాలి, అగ్గిపుల్లతో కాదు.

వంటగ్యాస్ గాలికన్నా బరువైనది కాబట్టి నేలమట్టాన పేరుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరవండి. స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

5. సారాంశం
మిక్సీలో జిడ్డు, కుక్కర్లో అడ్డు, స్టవ్ దగ్గర లీకు: ఈ మూడింటినీ రోజూ కొద్ది నిమిషాలు గమనిస్తే పరికరాలు మన్నుతాయి, ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. కొబ్బరి రుబ్బిన జార్‌ను గోరువెచ్చని నీటితో ఎందుకు కడగాలి?
2. మీ ఇంటి కుక్కర్ మూతను, గ్యాస్ ట్యూబును ఈ రోజే పరిశీలించి, గమనించినవి ఐదు వాక్యాలలో రాయండి.