కొలువులో పొగబండి

దసరా సమీపించగానే చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఇండ్లలో అటకమీది ట్రంకుపెట్టెలు క్రిందికి దిగుతవి. పాతచీరల మడతలలో ఏడాదిపాటు నిదురించిన బొమ్మలు ఒక్కొక్కటే వెలుగు చూచి మెట్లమీద బారులు తీరుతవి. కోస్తా జిల్లాలలో పెక్కుచోట్ల బొమ్మల కొలువు సంక్రాంతి వేడుక. ఇటు తమిళదేశానికీ అటు మైసూరుకూ పొరుగున ఉన్న ఈ సీమలో అది నవరాత్రుల వేడుక. పై మెట్టున దేవతామూర్తులు, దాని దిగువను ఎర్రచందనంతో చెక్కిన రాజారాణుల జంట, ఇంకా దిగువను అంగడి పెట్టుకొని కూర్చున్న సెట్టి దంపతులు, చివరి మెట్టున తిరుపతి లక్కపిడతలు. ఈ క్రమం ఇంటింటికీ కొంచెం మారినా మొత్తంమీద ఒకటే.

మెట్లు ముగిసినచోట నేలమీద వేరొక లోకం మొదలవుతుంది. తడి ఇసుకలో ఆవాలో మెంతులో చల్లి మొలిపించిన పచ్చిక, అద్దపుముక్కతో చెరువు, మట్టితో ఏడుకొండలు, కొండకొమ్మున అట్టతో కట్టిన గోపురం. ఈ లోకం చుట్టూ కొన్ని ఇండ్లలో రైలుపట్టాలు గుండ్రంగా పరుచుకొని ఉంటవి. ఆ పట్టాలమీద ఒక చిన్న పొగబండి ఏడుకొండలకు ప్రదక్షిణం చేస్తూ ఉంటుంది. నిజానికి తిరుమల కొండమీదికి ఏ రైలూ ఎక్కదు. కొలువులోని భూగోళ శాస్త్రం వేరు. అక్కడ చెరువుకు అవతల మైసూరు ఉన్నా ఎవరూ ఆక్షేపించరు.

నేడు అంగళ్ళలో అమ్మే ప్లాస్టిక్ రైలు ఒక పండుగకు వచ్చి మరుసటి పండుగకు చెత్తబుట్ట చేరుతుంది. కాని అరుదుగా ఏ ఇంటనో తాతగారి కాలపు రేకు ఇంజను ఇంకా ఉంటుంది. దానిని పెట్టెలోనుండి తీసినప్పుడు ఇంటివారి మధ్య ఏటేటా ఒక వివాదం లేస్తుంది. దానిని నడిపింపవలెనా, అద్దాల బీరువాలో ఉంచి చూచుకోవలెనా? ఇది ఒక ఇంటి తగవు మాత్రమే కాదు. పాత బొమ్మరైళ్ళను సేకరించేవారు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా వారందరినీ రెండు పక్షాలుగా చీల్చే ప్రశ్న.

ఈ ఇంజన్ల పుట్టుక కొంత తెలిసికొంటేగాని తగవు తీరదు. జర్మనీలో గోపింగెన్ పట్టణాన మార్క్లిన్ అనే సంస్థ 1859లో మొదలయినది. అది మొదట చేసినవి రైళ్ళు కావు. బొమ్మరిండ్లకు కావలసిన రేకు వంటపాత్రలు. అనగా ఆ దేశపు లక్కపిడతలే! బొమ్మరిల్లు ఉన్న పిల్ల ఈ ఏడాది ఒక గిన్నె, వచ్చే ఏడాది ఒక పొయ్యి కోరుతుంది. ఆ కిటుకునే ఆ సంస్థ రైలుకు పట్టించినది. 1891లో లైప్జిగ్ సంతలో అది ఇంజను, పెట్టెలు, విడివిడి పట్టాలు కలిపి ఒక పద్ధతిగా ప్రదర్శించినది. పట్టాల వెడల్పులకు కొలతలు ఏర్పరచినది. అంతకుముందు ఒకరి పట్టాలమీద మరొకరి బండి నడిచేది కాదు. ఆపై పిల్లవాడు ఒక వంపు, ఒక స్టేషను, ఒక వంతెన చొప్పున తన రైల్వేను ఏటేటా పెంచుకొనే వీలు కలిగినది. బొమ్మల కొలువు పెరిగేదీ ఈ విధంగానే గదా! ఏడాదికొక కొత్తబొమ్మ చేరవలెనని మన పెద్దల నియమం.

ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మరలతో బిగించి కట్టుకొనే లోహపు బద్దీల ఆటవస్తువుకు పేటెంటు పొందినాడు. అదే తర్వాత మెకానో అయినది. ఆయన సంస్థ 1920లో తాళంచెవితో తిప్పి నడిపే రైలును వెలువరించినది. మెకానో వలెనే ఈ తొలి రైళ్ళనూ మరలు విప్పి మళ్ళీ బిగింపవచ్చును. అందుచేతనే నూరేండ్లు దాటిన తర్వాత కూడ వాటిలో పెక్కింటిని బాగుచేయ గలుగుతున్నారు. 1938లో ఆ సంస్థే హార్న్‌బీ డబ్లో పేరిట చిన్న పరిమాణపు రైళ్ళను తెచ్చినది. భోజనపు బల్లమీద పట్టే రైల్వే అది. అమెరికాలో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో తన పేరిటనే సంస్థ స్థాపించి విద్యుత్తుతో నడిచే బండిని అంగడి కిటికీలో చూపరులను ఆకర్షించడానికి పెట్టించినాడు. వచ్చినవారు అంగటిలోని సరకును వదలి బండినే బేరమాడినారట.

మన దేశంలో ఇంటిలో రైలు నడిపిన ఘనత చెప్పవలెనంటే గ్వాలియర్ ముందు వస్తుంది. అక్కడి జయవిలాస ప్రాసాదపు భోజనశాలలో సింధియా ప్రభువుల వెండి రైలు బల్లమీది పట్టాలపై అతిథుల ముందుగా తిరుగుతూ పానీయాలను, చుట్టలను అందించేది. ఒక్కొక్క పెట్టెమీద వారి వంశనామంలోని ఒక్కొక్క అక్షరం ఉన్నది. ఎవరైనా సీసాను పైకెత్తితే బండి ఆగుతుంది. తిరిగి పెట్టితే కదులుతుంది. ఈనాటికీ సందర్శకులు ఆ రైలును చూడవచ్చును. ప్రభువుల ముచ్చట వేరు, తాలూకా కచేరీ గుమాస్తా ఇంటి ముచ్చట వేరు. అయినా బండి మలుపు తిరిగి తమవైపు వస్తూ ఉంటే కలిగే ఉత్సాహం ఇద్దరికీ ఒక్కటే కాబోలు.

తాళంచెవి ఇంజను కడుపులో ఉన్నది ఉక్కుబద్దీ చుట్ట. చెవి తిప్పినకొద్దీ అది బిగుసుకొంటుంది, వదలగానే విప్పుకొంటూ పండ్లచక్రాలను తిప్పుతుంది. వేగం హద్దుమీరకుండా కొన్నింటిలో ఒక చిన్న అదుపు సాధనం కూడ ఉంటుంది. చుట్టను పూర్తిగా బిగించి నెలలకొద్దీ ఉంచరాదు. ఉక్కులోని చేవ తగ్గుతుంది. ఇక నూనె సంగతి. ఇంటిలో చేతికి అందేది కొబ్బరినూనె. కాని పాతబండికి దానికంటె పగవాడు లేడు. అది గాలి తగిలి జిగురు కడుతుంది. చలికాలంలో మదనపల్లె వంటి చల్లని చోట పేరుకొని చక్రాలను పట్టివేస్తుంది. కుట్టుమిషనుకు వాడే పలుచని నూనె ఒక చుక్క, సూదిమొనతో ఇరుసుమీద పెడితే చాలును. పండుగకు ఇత్తడి దీపాలు తోముతున్న ఉత్సాహంలో ఇంజనును కూడ చింతపండుతో తోమిన ఇండ్లు లేకపోలేదు. తగరపు పూత వేసిన రేకుమీది రంగు పులుపుకు నిలువదు. రంగు పోయినచోట తుప్పు ప్రవేశిస్తుంది. మెత్తని పొడిగుడ్డ తప్ప మరేదీ దానికి తగులరాదు.

కొలువులో మరొక చిక్కు ఉన్నది. పచ్చిక మొలవడానికి ఇసుక తడిగా ఉండవలె. రేకుపట్టాలు నిలవడానికి నేల పొడిగా ఉండవలె. పచ్చిక ఇంటి ఆడపిల్లల అధీనం, పట్టాలు మగపిల్లల అధీనం అయినచోట ఈ వైరుధ్యం కలహంగా మారుతుంది. పట్టాల క్రింద సన్నని చెక్కపలక పరిస్తే ఇద్దరి పంటా పండుతుంది. ఏ బొమ్మ ఎక్కడ ఉండవలెనో తేల్చేది మాత్రం ఇంటి ఇల్లాలే. రైల్వే అధికారులకు అక్కడ అప్పీలు లేదు.

విదేశపు విద్యుత్తు బండి ఇంటికి చేరినప్పుడు జాగ్రత్త మరింత అవసరం. అమెరికా ట్రాన్స్‌ఫార్మరు 110 వోల్టులకు చేసినది. మన గోడలోని విద్యుత్తు 230 వోల్టులు. సరాసరి తగిలిస్తే ముందు పొగ వస్తుంది, అది ఇంజను పొగ కాదు. 1920 దశకంలో బ్రిటనులో ఇంటి విద్యుత్తునే ఒక దీపం ద్వారా తగ్గించి పట్టాలకు పంపే బొమ్మరైళ్ళు కూడ అమ్మినారు. ఇప్పుడవి కేవలం చూడదగినవి. వాటిని పిల్లల ముందు నడపడం ఎంతమాత్రం తగదు.

నూనెకూ గుడ్డకూ లొంగని రోగం ఒకటి ఈ పాతబండ్లకు ఉన్నది. 1930 దశకంలో చక్రాలు, కొన్ని భాగాలు జింకు మిశ్రమలోహంతో పోత పోసేవారు. ఆ పోతలో సీసం అత్యల్పంగా కలిసినా లోహం లోలోపల రేణువుల నడుమ క్షీణిస్తూ పోతుంది. తేమ, వేడి దానికి తోడుపడుతవి. మొదట సన్నని నెరియలు, తర్వాత ఉబ్బు, చివరకు చేతిలోనే పొడి. పైకి నిగనిగలాడే చక్రం ఒకనాడు బిస్కత్తువలె విరుగుతుంది. దీనికి చికిత్స లేదు, కొత్తచక్రం వేయవలసినదే. ఇటువంటి బండి విషయంలో బీరువా పక్షంవారిదే న్యాయం.

తక్కినవాటి విషయంలో అలా అనలేము. నడపని ఇంజను క్షేమంగా ఉంటుందనుకోవడం భ్రమ. లోపలి కందెన ఎండి గట్టిపడుతుంది, ఇరుసులు పట్టివేస్తవి. ఇరవై ఏండ్లు నిద్రపోయిన బండి చెవి ఒక్కసారి తిప్పితే ఉక్కుచుట్ట పటుక్కున తెగుతుంది. అసలు పెట్టె, అసలు చెవి, చెదరని రంగు ఉంటే ధర పెరుగుతుందన్నది నిజమే. కాని అమ్మదలచుకోని ఇంటిలో ధర ఎవరికి? తాతగారి ఇంజనును అద్దం వెనుకనే చూచి పెరిగిన పిల్లవానికి అది ఒక రంగురేకు. దాని గరగర శబ్దాన్ని విన్నవానికి అది తాతగారు.

ఈ సీమవారికి ఆ శబ్దం విషయంలో ప్రత్యేకమైన హక్కు ఉన్నది. మద్రాసు రైల్వే 1862లో రేణిగుంటను చేరినది, అది బ్రాడ్‌గేజి. తరువాత దక్షిణ భారత రైల్వే వేసిన మీటరుగేజి దారి కాట్పాడినుండి చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతులమీదుగా రేణిగుంటకు వచ్చేది. రెండు గేజీలూ అక్కడ కలిసేవి. పాకాలలో చీలిన మరొక దారి దామలచెరువు మామిడితోటలు దాటి, పీలేరు, కలికిరి, వాయల్పాడు, ఊరికి దూరంగా నిలిచిన మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం దాకా రెండువందల పైచిలుకు కిలోమీటర్లు సాగేది. ఆ చిన్న పట్టాలమీద వై.పి., వై.జి. తరగతుల ఆవిరి ఇంజన్లు నడిచినవి. వీటిలో కొన్ని జంషెడ్పూరులో టెల్కో కర్మాగారాన పుట్టినవి. 1990 దశకం ముగిసేసరికి మన మీటరుగేజి దారులమీద ఆవిరి ఆరిపోయినది. 2010 ప్రాంతానికి ధర్మవరం దారికూడ బ్రాడ్‌గేజిగా మారినది. పాకాల జంక్షనులో ఈనాడు నిలుచున్న పిల్లవానికి మీటరుగేజి అంటే పాఠ్యపుస్తకంలోని మాట.

ఇక్కడ లెక్కల ఉపాధ్యాయులకు పనికివచ్చే సంగతి ఒకటి. నేడు బొమ్మరైళ్ళలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడే కొలత అసలులో 87వ వంతు. వాటి పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. ఐరోపా పట్టాల వెడల్పయిన 1,435 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే వచ్చేది అదే. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. భాగిస్తే సుమారు 19.3. కనుక మన బ్రాడ్‌గేజి ఇంజనుకు నమూనా చేసి అంగటి పట్టాలమీద పెడితే కాళ్ళు దగ్గరగా పెట్టి నిలిచిన ఏనుగువలె ఉంటుంది. మీటరుగేజి 1,000 మిల్లీమీటర్లు; భాగిస్తే 11.5. స్విట్జర్లాండు మొదలైన దేశాల మీటరుగేజి నమూనాలకోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారవుతున్నవి. తేడా అర మిల్లీమీటరు! అనగా ఒకనాడు పెద్ద బండ్లముందు చిన్నచూపుకు గురియైన పాకాల రైలే ఇంటి బల్లమీద మిక్కిలి సహజంగా నిలిచే రైలు. ఇంజను మాత్రం అంగటిలో దొరికేది కాదు. ఇత్తడిరేకుతోనో ప్లాస్టిక్ పలకతోనో స్వయంగా చేసికొనవలె. ఈ పనిలో ఓపిక ఏపాటి ఫలిస్తుందో చూడగోరే విద్యార్థులు పూనా వెళ్ళినప్పుడు 1998లో తెరిచిన జోషీగారి చిన్నరైళ్ళ ప్రదర్శనశాలను దర్శింపవచ్చును. ఒక్క మనిషి చిన్ననాటి వేడుక అక్కడ వంతెనలు, స్టేషన్లు, సంకేతాలు గల నగరంగా పెరిగినది.

అంత దూరం పోలేనివారికి లక్కపని ఉన్నది. విశాఖ సీమలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణిమీద పట్టి, తిరుగుతుండగానే లక్క అద్ది బొమ్మలు చేస్తారు. ఆ పద్ధతికి కోలగా గుండ్రంగా ఉండే ఆవిరి ఇంజను బొమ్మ ఎంతో అనువైనది. గొట్టం గుండ్రన, చిమ్నీ గుండ్రన, చక్రాలు గుండ్రన. దానికి చెవి లేదు, ఉక్కుచుట్ట లేదు. తాడు కట్టి లాగే పిల్లవాడే దాని ఆవిరి.

విజయదశమి సాయంత్రం హారతి అయిన తర్వాత కొలువులోని బొమ్మనొకదానిని లాంఛనంగా పడుకోబెట్టుతారు. మరునాడు తక్కినవి మళ్ళీ చీరల మడతలలోకి పోతవి. ఇంజను వంతు చివర వస్తుంది. దానిని తలక్రిందుగా పట్టుకొని, బిగువు కొంచెమైనా మిగులకుండ చక్రాలను గాలిలో తిరుగనిస్తారు. గరగర క్రమంగా మందగించి, ఒకటి రెండు టకటకలతో ఆగుతుంది. తుడిచి, పొడిగుడ్డలో చుట్టి, తాళంచెవిని దారంతో దాని మెడకే కట్టి పెట్టె మూస్తారు.