ముందు బొమ్మకు సూది!

“అల్లరి చేశావంటే డాక్టరుతో సూది వేయిస్తా!” మనలో చాలామంది తల్లులు పిల్లల్ని ఇలా బెదిరించినవారే. అన్నం తినకపోయినా సూదే, నిద్రపోకపోయినా సూదే. తీరా జ్వరమొచ్చి ఆస్పత్రికి తీసుకెళితే బిడ్డ గుమ్మంలోనే గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ భయం నేర్పింది డాక్టరు కాదు, మనమే.

కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా కాపాడే డీపీటీ టీకా బూస్టరును మన దేశంలో 16-24 నెలల మధ్య ఒకసారి, 5-6 ఏళ్ల వయసులో మరోసారి వేస్తారు. ఐదేళ్ల బిడ్డకు అన్నీ తెలుస్తాయి. ముందురోజు రాత్రి నుంచే బెంగపడుతుంది. ఏడుపు చూడలేక రేపు మాపు అని వాయిదా వేస్తే నష్టపోయేది ఆ బిడ్డే.

పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. అదే డాక్టరాట. టీకాకు రెండు మూడు రోజుల ముందే మొదలుపెట్టండి. కాగితాన్ని గొట్టంలా చుట్టి బిడ్డ చేతికివ్వండి. అదే స్టెతస్కోపు. 1816లో ఫ్రాన్సు వైద్యుడు లెనెక్ రోగి గుండె చప్పుడు వినడానికి మొదట వాడింది కూడా చుట్టిన కాగితాలనే! అమ్మీ గుండె, నానీ గుండె విననివ్వండి. మూత పెట్టిన పెన్ను సిరంజి, పాత గుడ్డబొమ్మ రోగి.

ముందుగా బిడ్డే డాక్టరు కావాలి. ఆస్పత్రిలో అన్నీ తనకు ఇతరులు చేసేవే. ఆటలో మాత్రం తానే చేస్తుంది. ధైర్యం అక్కడే పుడుతుంది. పేరు పిలవడం, జబ్బకు దూది రాయడం, సూది వేయడం, దూదితో అదిమి పట్టుకోవడం అన్నీ వరుసగా ఆడించండి. బొమ్మను ఓదారుస్తూ బిడ్డ ఏమంటుందో శ్రద్ధగా వినండి. తన భయమే అక్కడ బయటపడుతుంది. ఆడనంటే మాత్రం బలవంతపెట్టకండి.

ఆటలోనూ, ఆస్పత్రిలోనూ అబద్ధం వద్దు. “నొప్పే ఉండదు బేటా” అనకండి. “చురుక్కుమంటుంది, కాసేపట్లో తగ్గిపోతుంది, నేను పక్కనే ఉంటాను” అనండి. ఒక తల్లి ఏదో ఇస్తానంటూ బిడ్డను పిలిచినప్పుడు, ఏమిస్తావని మహాప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం ఇస్తానన్నదామె. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. పసివాళ్లతో ఆడే చిన్న అబద్ధం కూడా అబద్ధమే. ఒకసారి మోసపోయిన బిడ్డ మరోసారి మన మాట నమ్మదు.

టీకా రోజున ఆ గుడ్డబొమ్మనూ వెంట తీసుకెళ్లండి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, సిగ్గుపరచకండి. ఇంటికొచ్చాక మళ్లీ డాక్టరాట ఆడమంటే కాదనకండి. బొమ్మకు సూది వేస్తూ మీ బిడ్డ తన నొప్పిని తానే మరిచిపోతుంది.