చిన్ని అంటే అబ్బాయా, అమ్మాయా?

ఈరోజు టాపిక్ ముద్దుపేర్లు. ముందు నాది చెప్పేస్తా, నవ్వుకున్నా పర్లేదు. ఇంట్లో నన్ను ‘చిన్ని’ అంటారు.

మాది పుంగనూరు. మదనపల్లెలో బీటెక్ చదివేటప్పుడు ఒకరోజు అమ్మ ఫోన్ చేస్తే పొరపాటున స్పీకర్ ఆన్ అయింది. "చిన్నీ, తిన్నావా నాయనా?" అంతే. ఆ రోజు నుంచి హాస్టల్లో నేను ‘చిన్ని పాప’. ఆ పేరుతో ఇంక పిలవొద్దని ఆ సాయంత్రమే అమ్మకు గట్టిగా చెప్పేసినా.

అసలు చిన్ని ఆడపేరని ఎవరు చెప్పారు? చిన్ని, బుజ్జి, చిట్టి, పండు... ఇవేవీ ఆడా మగా చెప్పవు. చిన్నగా, ముద్దుగా ఉందని మాత్రమే చెప్తాయి. మా పుంగనూరు ఆవునే చూడండి, పొట్టిగా ఉంటుంది కాబట్టే అందరికీ అంత ముద్దు. ఆడా మగా అనేది మనం వెనక తగిలించే తోకలో ఉంటుంది. బుజ్జిగాడు, బుజ్జమ్మ. తోక తీసేస్తే ఎవరైనా కావచ్చు.

కానీ గౌరి, పార్వతి, లక్ష్మి అని వినీ వినీ, చివర ‘ఇ’ వస్తే ఆడపేరని మన చెవికి అలవాటైంది. రవి, హరి అప్పుడు గుర్తురారు! కుప్పం దాటి కర్ణాటకలోకి వెళ్తే ఇది ఇంకా క్లియర్‌గా కనిపిస్తుంది. కన్నడలో ముద్దుగా అబ్బాయిని ‘పుట్ట’ అంటారు, అమ్మాయిని ‘పుట్టి’ అంటారు. మనకేమో పుట్ట అంటే పాములుండేది.

ఇంకా దూరం వెళ్దాం. రష్యాలో సాషా అంటే అలెగ్జాండర్ కావచ్చు, అలెగ్జాండ్రా కూడా కావచ్చు. మీషా అంటే మిఖాయిల్, మగవాళ్ల ముద్దుపేరు. నికిత కూడా అక్కడ మగపేరే, సోవియట్ నాయకుడు నికిత క్రుశ్చేవ్ గుర్తున్నాడు కదా. మన దగ్గర నికిత అంటే అమ్మాయే. ఆండ్రియా ఇటలీలో మగపేరు, జర్మనీలో ఆడపేరు. అంతదూరం ఎందుకు, మనకు నాని అంటే హీరో, హిందీవాళ్లకు అమ్మమ్మ!

అంటే ఆడా మగా అనేది పేరులో లేదు, వినేవాళ్ల అలవాటులో ఉంది.

మరి హాస్టల్లో ఎందుకు నవ్వారు? ఇక్కడ ఒక విషయం గమనించండి. మన ఇళ్లలో కూతుర్ని ‘నాన్నా’ అంటాం, ‘ఏరా’ అంటాం. ఎవరూ నవ్వరు, ఎంత గారాబమో అనుకుంటారు. అదే కొడుకుని ‘పాప’ అంటే మాత్రం ఎగతాళి. మగ పిలుపు ఆడపిల్లకు ప్రమోషన్, ఆడ పిలుపు మగపిల్లాడికి అవమానం. నన్ను ఏడిపించింది పేరు కాదు, ఈ లెక్క. ఇంకా సిగ్గుపడాల్సిన మాట చెప్పనా? ఆ లెక్క నేనూ నమ్మినా. ఆడపేరైతే తప్పేంటి అని ఒక్కసారి కూడా అడగలేదు.

అమ్మ మాత్రం నా మాట బుద్ధిగా పాటించింది. ఏళ్ల తరబడి సర్టిఫికెట్ పేరుతోనే పిలిచింది. ఇంట్లో కూర్చున్నా, ఎవరో అటెండెన్స్ తీసుకుంటున్నట్టు ఉండేది.

పోయిన నెల నేనే అడిగినా, "మళ్లీ చిన్ని అనుమా" అని.

"ఇప్పుడు సిగ్గు లేదా నాయనా?" అనింది.

లేదు. అందుకే ఇంతమంది ముందు చెప్తున్నా.

మీ ముద్దుపేరేంటో కామెంట్‌లో పెట్టండి. తోక లేకుండా!