తెరపై ఏది, ఎప్పుడు కనిపించాలి?

గుజరాత్‌లోని సూరత్ నుంచి సచిన్ అనే ఊరి వైపు వెళ్తుంటే ఉన్ ప్రాంతం వస్తుంది. ఆ పక్కనున్న ఉధ్నా, పాండేసరా, కాస్త దూరంలోని లింబాయత్ మరమగ్గాల మీద బతికే ప్రాంతాలు. వరంగల్, నల్లగొండ, కరీంనగర్ వైపు నుంచి తరాల క్రితం వలస వెళ్లిన తెలుగు నేత కుటుంబాలు సూరత్‌లో చాలానే ఉన్నాయి. ఇలాంటి అసంఘటిత కార్మికుల నమోదు కోసమే కేంద్రం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ ప్రారంభించింది.

నమోదుకు 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండాలి. పీఎఫ్, ఈఎస్ఐ సభ్యత్వం ఉండకూడదు. అందుకే పోర్టల్ మొదట్లోనే పీఎఫ్, ఈఎస్ఐ ప్రశ్నలు అడుగుతుంది. ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి పేజీ తెరవాలా వద్దా అన్నది తేలుతుంది. దీన్నే కండిషనల్ రెండరింగ్ (షరతును బట్టి చూపడం) అంటారు. రాష్ట్రం గుజరాత్ అనగానే గుజరాత్ జిల్లాలే కనిపించడం కూడా ఇదే పద్ధతి.

చేసే దారులు రెండు. షరతు కుదిరితేనే ఆ భాగాన్ని పేజీలో తయారుచేయడం ఒకటి. ముందే తయారుచేసి, కనబడకుండా దాచడం రెండోది. దాచిన గడిలో రాసినది అలాగే ఉంటుంది. తీసేసిన గడిలో రాసినది సాధారణంగా పోతుంది. చిరునామా నింపి, పొరపాటున వేరే జవాబు నొక్కి వెనక్కి వచ్చిన మనిషికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

దాచినంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. బ్రౌజర్‌కు చేరిన ప్రతి అక్షరాన్నీ తెలిసినవాళ్లు బయటికి తీసి చూడగలరు. అర్హతను సర్వర్ (సమాచారం భద్రపరిచే అవతలి కంప్యూటర్) మళ్లీ తేల్చుకోవాల్సిందే.

చిన్న తప్పు ఎలా జరుగుతుందో చూడండి. రియాక్ట్ (2013లో ఫేస్‌బుక్ అందరికీ విడుదల చేసిన తెరల తయారీ సాధనం)తో పనిచేసే ప్రోగ్రామర్ ‘కుటుంబ సభ్యుల సంఖ్య ఉంటే జాబితా చూపు’ అని రాస్తాడు. సంఖ్య 0 అయితే జావాస్క్రిప్ట్ (ఆ ప్రోగ్రాం రాసే భాష) దాన్ని ‘లేదు’ కింద లెక్కగట్టి, ఆ 0నే తిరిగిస్తుంది. రియాక్ట్ ‘అబద్ధం’ అనే విలువను చూపదు, అంకెను మాత్రం చూపుతుంది. పేజీలో అర్థంలేని ఒంటరి 0 ప్రత్యక్షమవుతుంది. ‘సంఖ్య 0 కంటే ఎక్కువైతే’ అని రాస్తే చాలు.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. కార్మికుడు తన వివరాలు వెతికినప్పుడు సమాచారం ఇంకా వస్తూ ఉంటుంది. జాబితా ఖాళీగా ఉంది కదా అని తెర ‘వివరాలు లేవు’ అంటుంది. సిగ్నల్ సరిగా అందని ఫోన్‌లో ఆ మాట చాలాసేపు నిలుస్తుంది. మగ్గం పని మానుకుని వచ్చిన కార్మికుడు తన పేరు లేదనుకుని వెళ్లిపోతాడు. నా దృష్టిలో ఇది అందం తగ్గిన తెర కాదు, తప్పు సమాచారం. వెతుకుతున్నాం, దొరకలేదు, సర్వర్ అందలేదు: ఈ మూడూ వేర్వేరు స్థితులు, మూడింటికీ వేర్వేరు మాటలు కావాలి. అర్హత లేదని ఆపేటప్పుడు కూడా బటన్ మాయం చేసి ఊరుకోకూడదు. ఏ షరతు కుదరలేదో ఒక్క వాక్యంలో చెప్పాలి.

పాఠకులకు ఒక మాట. ఏ పోర్టల్‌లోనైనా ‘వివరాలు లేవు’ అని కనిపిస్తే వెంటనే నమ్మి వదిలేయకండి. పేజీ పూర్తిగా వచ్చేదాకా ఆగి, మరోసారి తెరిచి చూడండి.