ఎన్జీవోస్ కాలనీలో ఎన్జీవో ఎవరు?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని, ఎల్బీనగర్ దాటి వనస్థలిపురం వైపు మళ్లితే ఎన్జీవోస్ కాలనీ వస్తుంది. సూర్యాపేట నుంచి కోచింగ్‌కి వచ్చిన మా బంధువులబ్బాయి ఆ పేరు చూసి, ‘‘స్వచ్ఛంద సంస్థలు ఇంత పెద్ద కాలనీ కట్టాయా బాబాయ్?’’ అని అడిగాడు. కాదురా, ఇక్కడ ఎన్జీవో అంటే నాన్ గెజిటెడ్ ఆఫీసర్ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం గానీ వాడి ప్రశ్న నన్ను వదల్లేదు. లాభం పంచుకోని సంస్థ, లాభం కోసమే ఉన్న బిల్డరు కలిసి చవకగా ఇళ్లు కట్టడం ఎలా కుదురుతుంది? ఈ మాట ఎత్తితే మన దగ్గర చాలా అపోహలే బయటపడతాయి.

అపోహ: బిల్డరు పుణ్యానికి కడతాడు కాబట్టి ఇల్లు చవకగా వస్తుంది.

పుణ్యానికి సెంట్రింగ్ కట్టే మేస్త్రీ ఎవరూ ఉండరు. చవక ఎక్కడ పుడుతుందో తెలియాలంటే కొత్తపేటలోనో చైతన్యపురిలోనో ఏదైనా డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చూస్తే చాలు. ఓనరు పాత ఇల్లు పడగొట్టుకోమని స్థలం ఇస్తాడు, బిల్డరు తన డబ్బుతో అపార్ట్‌మెంట్ లేపుతాడు, ఫ్లాట్లు ఫిఫ్టీ-ఫిఫ్టీ. రూపాయి ఖర్చు పెట్టని ఓనరుకు సగం ఫ్లాట్లు ఎందుకు? అది నేల వాటా. అంటే మనం కొనే ఫ్లాటు ధరలో దాదాపు సగం మట్టికే పోతోందన్నమాట. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక ఆ మట్టి ఇంకా బరువెక్కింది. ఓనరు స్థానంలోకి ప్రభుత్వమో, ట్రస్టో వచ్చి ‘నాకు వాటా అక్కర్లేదు’ అంటే ఆ సగం తగ్గుతుంది. బిల్డరు మాత్రం తన ఖర్చు, తన మార్జిన్ తీసుకునే పోతాడు. తీసుకోవాలి కూడా.

వనస్థలిపురంలోనే దీనికి సాక్ష్యం ఉంది. 2020 డిసెంబరులో ఇక్కడ ప్రభుత్వ పథకం కింద 324 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించారు. ఒక్కోటీ 560 చదరపు అడుగులు, ఖర్చు దాదాపు 8.65 లక్షలు. అంటే అడుగుకు పదిహేను వందల చిల్లర. స్థలం సర్కారుది కాబట్టి ఆ లెక్క. అంత చేసినా, ఈ పథకం మొదట్లో ఆ రేటుకు గిట్టదని కాంట్రాక్టర్లు వెనకాడారు. కంపెనీలతో మాట్లాడి సిమెంటు బస్తా 230 రూపాయలకు ఇప్పించి, ఇసుక ఉచితం చేశాకే పని కదిలింది.

అపోహ: లాభాపేక్ష లేని సంస్థ దగ్గర పైసా మిగలకూడదు, ఇల్లు ఊరికే ఇవ్వాలి.

రెండూ తప్పే. కంపెనీల చట్టం సెక్షన్ 8 కింద నమోదైన సంస్థ మిగులు సంపాదించవచ్చు. సభ్యులు పంచుకోకూడదు, అంతే. మిగిలింది మళ్లీ పనిలోకే వెళ్లాలి. ఇక ఊరికే ఇవ్వడం సంగతి. హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ భారతదేశంలో మొట్టమొదట అడుగుపెట్టింది మన ఖమ్మంలోనే, 1983లో. ఆ సంస్థ అసలు పద్ధతి: లాభం వేసుకోకుండా ఇంటి ఖర్చును వాయిదాల్లో రాబట్టడం, కట్టేటప్పుడు ఆ కుటుంబం చేత కూడా చెమటోడ్పించడం. తిరిగొచ్చిన వాయిదాలతో ఇంకొకరికి పునాది పడుతుంది.

అపోహ: ఇలాంటివి వలంటీర్లు సరదాగా నాలుగిటుకలు పేర్చి ఫొటో దిగే పనులు.

ఇదే రోడ్డు మీద హయత్‌నగర్ దాటి ముందుకెళ్తే రామోజీ ఫిల్మ్ సిటీ. సినిమా సెట్ల సంగతి అందరికీ తెలుసు, దాన్ని నడిపే రామోజీ గ్రూపు కట్టించిన అసలు ఇళ్ల సంగతి తక్కువమందికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆ గ్రూపు పత్రిక ‘ఈనాడు’ పాఠకుల విరాళాలు పోగుచేసింది. ఆ డబ్బుతో రామకృష్ణ మిషన్ పాలకాయతిప్పలో 112 పక్కా ఇళ్లు కట్టించింది. డబ్బు ఒకరిది, లబ్ధిదారుల బాధ్యత ఇంకొకరిది, తాపీ వేరొకరిది. 2018 కేరళ వరదల తర్వాత రామోజీ గ్రూపు ఆలప్పుళలో 121 ఇళ్లు కట్టించినప్పుడు తాపీ పట్టింది ఎవరో తెలుసా? అక్కడి స్వయం సహాయక సంఘాలైన కుటుంబశ్రీ మహిళలు. మేస్త్రీ పని నేర్చుకుని, స్లాబులు వేసి, 2020లో తాళాలు అప్పగించారు. మన స్వయం సహాయక సంఘాల అక్కలకు అప్పులిచ్చే బ్యాంకులున్నాయి గానీ తాపీ ఇచ్చిన వాళ్లు ఏరీ అని నాకు అప్పట్నుంచీ అనుమానం.

అపోహ: ప్రభుత్వం స్థలం ఇచ్చి ఒక కార్పొరేషన్ పెడితే చాలు, మధ్యలో ఇంకెవరూ అక్కర్లేదు.

నాగోలు దగ్గరి బండ్లగూడ వెళ్లి చూడండి (చాంద్రాయణగుట్ట బండ్లగూడ కాదు). మధ్యతరగతికి మార్కెట్ కన్నా తక్కువకే ఫ్లాట్లని 2007లో రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ పెట్టారు. పనులు సాగాయి, అప్పుల మీద వడ్డీ పెరిగింది, రేటు బయట బిల్డర్లు అడిగే దాకా వచ్చేసరికి దరఖాస్తు చేసినవాళ్లు జారుకున్నారు. బ్లాకులు ఏళ్లతరబడి బోసిపోయి నిలబడ్డాయి. చివరికి 2022లో లాటరీ వేసి, పూర్తయిన ఫ్లాటు అడుగుకు 3,000 రూపాయలకు, పూర్తికానిది 2,750కి అమ్మారు. స్థలం ఉంది, కట్టేవాళ్లున్నారు. కొనేవాళ్లను కూడగట్టి, వాళ్లకు తగ్గ అప్పు కుదిర్చి, చివరిదాకా అట్టిపెట్టుకునే మనిషే లేడు. లాభాపేక్ష లేని సంస్థ అసలు పని అదే.

స్థలం ఉంటే సగం గెలిచినట్టేనా? ఎల్బీనగర్ వాళ్లను ఆ మాట అడక్కండి. ఏళ్లక్రితం కొని, ఇళ్లు కట్టుకుని, రిజిస్ట్రేషన్లు ఆగిపోయి అవస్థపడ్డ కాలనీలు ఇక్కడెన్నో. 2022లో 118 నంబరు జీవో వచ్చి గజానికి 250 రూపాయలతో క్రమబద్ధీకరిస్తామన్నప్పుడు గానీ వాళ్లకు ఆశ చిగురించలేదు.

అపోహ: బోర్డు మీద ‘అఫర్డబుల్’ అని ఉంటే అది పేదల ప్రాజెక్టే.

జీఎస్టీ లెక్కలో హైదరాబాద్‌లో 60 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా, 45 లక్షల ధర దాటకపోతే అది అఫర్డబుల్, పన్ను ఒక్క శాతం. నలభై అయిదు లక్షలు ఎవరికి అఫర్డబులో మీరే చెప్పండి. ఇంకో మాట. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు అక్కర్లేదు. మన గల్లీల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి రెరా నంబరు లేకపోవడం అందుకే. అక్కడ కాగితాలు చూసుకోవాల్సింది మీ లాయరే. ట్రస్టు పేరు చెప్పి, పర్మిషన్ రాకముందే ప్రీ లాంచ్‌లో యూడీఎస్ (విడదీయని స్థల వాటా) రాసిస్తామంటే చెప్పులు వేసుకుని బయటికి నడవండి.

అపోహ: తాళంచెవి చేతికిస్తే పని అయిపోయింది.

అమెరికాలో 1986లో వచ్చిన పన్ను రాయితీ పథకం కింద కట్టిన అద్దె ఇళ్లు సాధారణంగా 30 ఏళ్లు తక్కువ అద్దెకే ఉండాలి. అందుకే అక్కడ లాభాపేక్ష లేని సంస్థలు కట్టించి వెళ్లిపోవు, అద్దె వసూలు చేస్తాయి, మరమ్మతులు చూస్తాయి. మన దగ్గర తొమ్మిదంతస్తుల డబుల్ బెడ్‌రూం బ్లాకులో లిఫ్టు ఖర్చు ఎవరిదన్నది గృహప్రవేశం మర్నాడు మొదలయ్యే ప్రశ్న.

అంతకన్నా ముందు, ఆ ఇల్లు ఎక్కడన్న ప్రశ్న. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇళ్లు ప్రారంభించారు. కట్టుబడికి పేరు పెట్టక్కర్లేదు. కానీ కొల్లూరు నగరానికి పడమటి కొస, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. దిల్‌సుఖ్‌నగర్ తూర్పున. ఇక్కడ కోచింగ్ పిల్లల హాస్టళ్లలో వంటచేసే ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగించాలి. మెట్రో మొదటి రైలు కదిలేది ఆరింటికి, అదీ కొల్లూరు నుంచి కాదు.